జపాను దేశమందలి సమాంతర గణనయంత్రములు



ఈ వార్షిక మహాసభయందు శాస్త్రవిషయమును గూర్చి ఒక ఉపన్యాసము చేయవలసినదని కార్యదర్శులు మమ్ము కోరిరి. మేము సంస్కృత వ్యాకరణమును చదివి, జీవితమున అధికభాగము పాఠశాలలో శబ్దములును ధాతువులును బోధించి, విశ్రాంతి గైకొన్నవారము. అట్టివారు జపాను దేశపు కంప్యూటరులను గూర్చి ప్రసంగించుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని గణితమును దేశభాషలో చెప్పుట మనకు క్రొత్త గాదు. పూర్వము పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెనుగు చేసినాడు. ఆ త్రోవను ఎంత దూరము నడువగలమో అంత దూరము నడుచుట మా ఉద్దేశము.

మన యిండ్లలో నేడు కంప్యూటరు పనితో బ్రదుకు బిడ్డలు అనేకులు. వారి జీతములను గూర్చి సభలలో వినుచున్నాము. వారు వాడు యంత్రము ఎట్లు పెరిగినదో మాత్రము తఱచుగా వినుట లేదు. అందును జపానువారి కథ ప్రత్యేకముగ విన దగినది. యుద్ధమున ఓడి, నగరములు బూడిదయైన పదియేండ్లకే వారు స్వంతముగా గణనయంత్రములను నిర్మింప మొదలిడి, 1993 మొదలు 2020 వఱకు ఐదాఱు పర్యాయములు ప్రపంచమున మిక్కిలి వేగముగల యంత్రమును చూపగలిగిరి. ఇది ఒక అద్భుతము వలన జరుగలేదు. ఒకే ప్రశ్నను మూడు తరములవారు విడువక పట్టుకొనుటవలన జరిగినది.

ఆ ప్రశ్న యిది. ఒకడు నూఱు గంటలలో చేయు పనిని నూర్గురకు పంచి యిచ్చినచో అది ఒక్క గంటలో ముగియునా?

మా వృత్తినుండియే ఒక దృష్టాంతమును చెప్పెదము. పరీక్షలైన తరువాత వేయి ఉత్తరపత్రములు వచ్చినవనుకొనుడు. పదుగురు ఉపాధ్యాయులకు తలకొక నూఱు చొప్పున పంచినచో దిద్దుబాటు పదవవంతు కాలములో ముగియును. కాని ఐదవ ప్రశ్నకు రెండు విధముల ఉత్తరములు ఒప్పునా యని ఒకరికి సందేహము కలుగును. అందఱును చేతిపని నిలిపి ప్రధాన పరీక్షకుని యొద్దకు పోవలెను. అందఱును దిద్దినపిమ్మట మార్కులన్నియు ఒక్క పట్టికలో ఒక్కడే ఎక్కింపవలెను. పదుగురకు బదులు నూర్గురను కూర్చుండబెట్టినను ఆ పట్టిక పని తగ్గదు. ఆ సందేహముల రాకపోకలు పెరుగును.

జీన్ ఆమ్‌డాల్ అను అమెరికా యంత్రనిర్మాత 1967లో ఈ సంగతినే గణితసూత్రముగా చెప్పెను. పది గంటల పనిలో ఒక్క గంట పని పంచరానిదైనచో, తక్కిన తొమ్మిది గంటల పనిని లక్షమందికి పంచినను ఆ యొక్క గంట అట్లే నిలుచును. కావున మొత్తము పని పది రెట్లకంటె త్వరగా జరుగనేరదు. పంచుట సులభము, పంచిన దానిని కూర్చుట కష్టము. జపాను యంత్రముల చరిత్రయంతయు ఈ కూర్పును గూర్చిన చరిత్రయే.

వ్యాకరణము చదివినవారికి ఈ విషయము అపరిచితము గాదు. పదములు ఎన్ని యున్నను అన్వయము లేనిచో వాక్యము కానేరదు. వాక్యార్థబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడు కావలెనని మన శాస్త్రకారులు చెప్పిరి. అనేక ప్రాసెసరులు గల యంత్రమునకును ఇవియే కావలెను. ఒక ప్రాసెసరు మఱియొక దాని ఫలమునకై యెదురుచూచుట ఆకాంక్ష. పని పంచుటకు తగినదై యుండుట యోగ్యత. ఒకదాని ఫలము మఱియొక దానికి ఆలస్యము లేక అందుట సన్నిధి. ఈ మూడింటిని మనసునందుంచుకొని కథలోనికి పోవుదము.

జపానునందు పనిచేసిన మొట్టమొదటి ఎలెక్ట్రానిక్ కంప్యూటరు 1956లో పూర్తియైన ఫుజిక్. దానిని కట్టినవాడు ఫుజి ఫోటోఫిల్ము కంపెనీ ఉద్యోగి ఓకాజాకి బుంజీ. కెమెరా కటకములను రూపొందించుటకు వెలుగు కిరణముల త్రోవను గూర్చి లెక్కలేనన్ని గుణకారములు చేయవలసియుండెను. ఆ శ్రమను తగ్గింపనెంచి ఆయన 1949లో ఆలోచన ప్రారంభించి, సుమారు 1,700 వాల్వులతో యంత్రమును దాదాపు ఒంటిచేత నిర్మించెను. అంతకు రెండేండ్ల ముందు, 1954లో, టోక్యో విశ్వవిద్యాలయమున తకహాషి హిదెతోషి గారి శిష్యుడు గోతో ఈయిచి పారమెట్రాన్ అను పరికరమును కనిపెట్టెను. ట్రాన్సిస్టరులు మిక్కిలి వెల గలవై, నమ్మరానివై యున్న ఆ దినములలో అయస్కాంతగుణముగల ఫెరైటు ముక్కలతోనే లెక్కలు చేయించు ఉపాయమది. పిమ్మట ట్రాన్సిస్టరు దానిని మించిపోయినది. అయినను చేతనున్న ద్రవ్యముతో పని సాగించుట యనునది ఆ తరమువారి స్వభావమని ఈ రెండు యంత్రములును చాటుచున్నవి.

1964లో అమెరికాలోని ఐ.బి.ఎం. కంపెనీ సిస్టమ్ 360 అను యంత్రశ్రేణిని ప్రకటించెను. కచేరీలు, బ్యాంకులు, విశ్వవిద్యాలయములు అన్నిటికిని పనికివచ్చు ఇట్టి పెద్దయంత్రములకే మెయిన్‌ఫ్రేములని పేరు. దీనికి జవాబు చెప్పలేనిచో తమ దేశమున యంత్రపరిశ్రమయే మిగులదని జపాను ప్రభుత్వము గ్రహించి, 1966 మొదలు 1971 వఱకు ఒక మహాయంత్ర నిర్మాణ ప్రణాళికను నడిపించెను. ఈ కాలముననే పనిని పంచుకొను ప్రాసెసరులు జపాను మెయిన్‌ఫ్రేములలో ప్రవేశించినవి. 1968లో ఫుజిత్సు కంపెనీ ప్రకటించిన ఫాకమ్ 230-60 అను యంత్రమున రెండు కేంద్ర ప్రాసెసరులు ఒకే మెమరీని పంచుకొని పనిచేయగలిగెను. పై ప్రణాళిక ఫలముగా హితాచి కంపెనీ నిర్మించిన హైటాక్ 8800 కూడ ఇట్లే అనేక ప్రాసెసరులను ఒక్క మెమరీకి కట్టగల యంత్రము.

ఒక్క మెమరీని అందఱును పంచుకొనుట యనగా ఒక్క పుస్తకమును ముందుంచుకొని పలువురు విద్యార్థులు చదువుటవంటిది. ఇద్దఱైన సుఖముగా చదువుదురు. నలుగురైన సర్దుకొందురు. నలుబదిమంది యైన పుట తిప్పుటయే తగవగును. కావున ఈ మార్గమున ప్రాసెసరుల సంఖ్యను పెంచుటకు ఒక హద్దు కలదు. ఆ హద్దును దాటవలెనన్న రెండు త్రోవలు కనబడినవి. ఆ త్రోవలను చెప్పుటకు ముందు ఒక మనుష్యుని తలచుకొనవలెను.

ఫుజిత్సు యంత్రములకు ప్రాణము పోసినవాడు ఇకెదా తోషియో. 1954లో రిలేలతో నడచిన ఫాకమ్ 100 మొదలుకొని ఆ కంపెనీ యంత్రములన్నిటియందును ఆయన చేయి కలదు. 1971లో ప్రభుత్వము ఆఱు కంపెనీలను మూడు జతలుగా కూర్చినప్పుడు, అంతవఱకు పోటీదారులైన ఫుజిత్సు, హితాచి ఒక జతయైనవి. ఈ జతనుండి పుట్టినది ఎం శ్రేణి. ఇంతకుముందు సూత్రమును చెప్పినట్టి ఆమ్‌డాల్ ఐ.బి.ఎం.ను విడిచి స్వంతముగా కంపెనీ పెట్టినప్పుడు ఇకెదా ఆయనతో స్నేహము చేసి, ఇరువురి విద్యను ఒక్కటి చేసెను. ఆమ్‌డాల్ కంపెనీ తొలి యంత్రము 1975లో అమెరికా అంతరిక్షసంస్థకు చేరెను. దానిని ఇకెదా చూడలేదు. 1974 నవంబరులో టోక్యో విమానాశ్రయమున అతిథికి స్వాగతమిచ్చుచు కూలిపోయి, కొలది దినములకే గతించెను. అప్పటికి ఆయనకు ఏబదియొక్క యేండ్లు.

ఇక రెండు త్రోవలు. మొదటిది వెక్టరు మార్గము. ఇసుక గంపలను మోయువారు వరుసగా నిలిచి ఒకరిచేతినుండి ఒకరు అందుకొనుట మనమందఱము చూచినదే. మొదటి గంప గమ్యము చేరుటకు కొంత కాలము పట్టినను, పిమ్మట క్షణక్షణమునకు ఒక గంప చేరుచుండును. అట్లే ఒక్క ఆజ్ఞతో సంఖ్యల వరుసనంతటిని గొలుసుకట్టుగా నడపుట వెక్టరు మార్గము. 1977లో ఫుజిత్సు తన ఫాకమ్ 230-75 మెయిన్‌ఫ్రేమునకు ఇట్టి వెక్టరు ప్రాసెసరును జోడించి జాతీయ విమానశాస్త్ర పరిశోధనాలయమునకు ఇచ్చెను. జపానున ఇట్టిది ఇదియే మొదటిది. తరువాతి దశాబ్దమున ఫుజిత్సు వీ.పీ. 200, హితాచి ఎస్ 810, ఎన్.ఇ.సి. కంపెనీ ఎస్.ఎక్స్. 2 వచ్చినవి. వీటిలో 1985 నాటి ఎస్.ఎక్స్. 2 సెకండునకు 130 కోట్ల లెక్కలు చేయగలదై, నూఱు కోట్ల హద్దును దాటెను.

రెండవ త్రోవ చిన్న చిన్న ప్రాసెసరులను, ఒక్కొక్కదానికి స్వంత మెమరీనిచ్చి, పెక్కింటిని తీగలతో కలుపుట. పుస్తకము ఒక్కటే కాక ప్రతి విద్యార్థికిని స్వంత పుస్తకమిచ్చి, అవసరమైనప్పుడు చీటీలు పంపుకొనుడని చెప్పుటవంటిది. దీనిని జపానున మొదట పట్టినవారు కంపెనీలవారు గారు, విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు. 1977లో క్యోటో విశ్వవిద్యాలయమున హోషినో త్సుతోము, ఆయన మిత్రుడు కవాయి తోషియో ఈ యత్నమును ప్రారంభించిరి. 1978లో వారి మొదటి యంత్రమున ఉన్న ప్రాసెసరులు కేవలము తొమ్మిది. పిమ్మట ఆ పని త్సుకుబా విశ్వవిద్యాలయమునకు తరలిపోయెను. 1980లో ముప్పదిరెండు, పదియేండ్ల తరువాత నాలుగువందల ఎనుబది, 1996లో 2,048. పరమాణుగర్భమందలి క్వార్కులను గూర్చి లెక్కింపగోరిన భౌతికశాస్త్రజ్ఞులు ఇవసాకి యోయిచి ప్రభృతులు హితాచివారితో కలిసి కట్టించిన ఈ కడపటి యంత్రమునకు సీ.పీ.-పాక్స్ అని పేరు. అది 1996 నవంబరులో సెకండునకు 36,800 కోట్ల లెక్కలు చేసి ప్రపంచ పట్టికలో అగ్రస్థానమున నిలిచెను. తొమ్మిదినుండి 2,048కి వచ్చుటకు పదునెనిమిదేండ్లు పట్టినది. ఆ పదునెనిమిదేండ్లలో యంత్రము మాఱినను ప్రయోజనము మాఱలేదు.

ఈ రెండు త్రోవలను ఒక్కచో కలిపినవాడు జాతీయ విమానశాస్త్ర పరిశోధనాలయమందలి మియోషి హజిమె. విమానపు రెక్కచుట్టు గాలి యెట్లు ప్రవహించునో లెక్కింపవలెనని ఆయన సంకల్పము. గాలినంతటిని చిన్నచిన్న గదులుగా విభజించి ఒక్కొక్క భాగమును ఒక్కొక్క ప్రాసెసరునకు అప్పగింతురు. మన డెల్టా పొలములను మడులుగా కట్టినట్లే యిది. ఒక మడిలోని నీరు గట్టు తెగినచోట ప్రక్కమడిలోనికి పోవును. కావున గట్టునొద్ద ఏమి జరిగినదో తెలియక లోపలి లెక్క సాగదు. ప్రతి యడుగునను పొరుగువారితో లెక్క సరిచూచుకొనవలెను. ఇదియే మేము చెప్పిన సన్నిధి.

1993లో టోక్యో చెంతనున్న చోఫులో ఫుజిత్సు ఆయనకొఱకు నిర్మించిన యంత్రమునకు సంఖ్యావాయుసొరంగమని అర్థమిచ్చు పేరు పెట్టిరి. సాధారణముగా విమానపు నమూనాను సొరంగములో నిలిపి గాలి వీచి పరీక్షింతురు. ఇందు సొరంగము సంఖ్యలతో కట్టబడినది. దానియందు 140 ప్రాసెసరులుండెను. అవి ఒక్కొక్కటియు పూర్ణమైన వెక్టరు ప్రాసెసరే. ఏ ప్రాసెసరైనను ఏ ప్రాసెసరుతోనైనను నేరుగా మాటలాడునట్లు అడ్డుగడుల అల్లికను అమర్చిరి. అది సెకండునకు 12,400 కోట్ల లెక్కలు చేసి 1993 నవంబరులో ప్రపంచప్రథమమైనది. నడుమ కొలదికాలము అమెరికా యంత్రమునకు ఆ స్థానము విడిచి, 1994 నవంబరులో మరల గైకొని 1995 కడవఱకు నిలిచెను.

మియోషి అంతటితో ఆగలేదు. గాలి విమానముచుట్టు మాత్రమే వీచునది గాదు, భూగోళమంతట వీచునది. సముద్రమును, వాతావరణమును మొత్తముగా లెక్కించు యంత్రము కావలెనని ఆయన కోరెను. 1997లో ఆరంభమైన ఆ పని 2002 మార్చిలో యోకొహామానగరమున పూర్తియైనది. దీనికి భూసిమ్యులేటరు అని పేరు, కట్టినది ఎన్.ఇ.సి. ఎనిమిదేసి వెక్టరు ప్రాసెసరులుగల విడులు 640. మొత్తము 5,120 ప్రాసెసరులు. ఆ 640 విడులను ఒండొంటితో కలుపు తీగలు 83,200. వానిని చాచినచో 2,400 కిలోమీటర్ల పొడవు. దాని కొఱకు ప్రత్యేకముగ భవనము కట్టి, యంత్రపు నేలక్రింద ఆ తీగలకు చోటు వదలిరి. శ్రోతలు ఈ సంగతిని గమనింపవలెను. లెక్క చేయు భాగమునకెంత శ్రద్ధయో, కలుపు భాగమునకును అంత శ్రద్ధ.

అది పరీక్షలో సెకండునకు 35.86 లక్షల కోట్ల లెక్కలు చేసెను. అంతకుముందు మొదటిస్థానముననున్న అమెరికా యంత్రమునకు ఇది దాదాపు ఐదు రెట్లు. ఈ సంఖ్యకంటె మేము విలువనిచ్చు సంఖ్య మఱియొకటి కలదు. నిజమైన వాతావరణపు లెక్కను దానిమీద నడపగా సెకండునకు 26.58 లక్షల కోట్ల లెక్కలు సాగినవి. అనగా యంత్రపు పరమశక్తిలో నూటికి 65 వంతులు. అనేక ప్రాసెసరులుగల యంత్రములలో నిజమైన పని యొద్దకు వచ్చునప్పటికి శక్తిలో అధికభాగము ఎదురుచూచుటలోనే వ్యర్థమగుట సామాన్యము. ఐదువేల చేతులు కలిసి నూటికి 65 వంతులు పని చేసినవన్న, కూర్పు కుదిరినదన్నమాట. 1957లో రష్యావారి స్పుట్నిక్‌ను చూచి కలతపడినట్లే అమెరికావారు దీనిని చూచి కలతపడిరి; కంప్యూట్నిక్ అను మాటయు పుట్టెను. మియోషి మాత్రము దీనిని చూడలేదు. యంత్రము పూర్తియగుటకు కొలది నెలల ముందు, 2001 నవంబరులో, ఆయన దివంగతుడయ్యెను.

ఈ కథలో జయములే గాక వ్యయములును గలవు. 1982లో ప్రభుత్వము ఐదవతరపు కంప్యూటరులను పేరుతో ఫుచి కజుహిరో నాయకత్వమున ఒక సంస్థను స్థాపించెను. మనుష్యునివలె తర్కించు యంత్రమును, వందలకొలది ప్రాసెసరులతో నడచునట్లు కట్టవలెనని వారి ఆశయము. పదియేండ్లు పనిచేసి యంత్రములను కట్టిరి, అవి నడచినవి. కాని లోకము వేఱు త్రోవను పోయినది. ఆ భాషలో వ్రాయువారు కొలదిమంది. కొనువారు అంతకంటె కొలదిమంది. 1992లో సంస్థవారు తమ ప్రోగ్రాములను ఎవ్వరైనను ఉచితముగా గైకొనునట్లు ప్రకటించిరి. మా మూడు మాటలలో చెప్పవలెనన్న, అచ్చట సన్నిధి యుండెను, యోగ్యతయు కొంత యుండెను, ఆకాంక్ష కొఱవడెను. ఫలమునకై యెదురుచూచువారు లేరు. గాలిని లెక్కింపవలెనన్న మియోషికిని, క్వార్కులను లెక్కింపవలెనన్న త్సుకుబావారికిని యంత్రము పుట్టకముందే అవసరము పుట్టియుండెను.

ఇక కెయి యంత్రము. 2006లో ప్రభుత్వము రికెన్ అను పరిశోధనాసంస్థకు ఈ పనిని అప్పగించెను. దీని పేరు మా వంటివారికి మిక్కిలి ప్రియమైనది. జపానువారు పదివేల పదివేలుగా హెచ్చించి లెక్క పెట్టుదురు. మన అయుతము వారికి మన్. దానికి పదివేల రెట్లు ఒకు. దానికి పదివేల రెట్లు చో. దానికి పదివేల రెట్లు కెయి. అనగా ఒకటి ప్రక్క పదాఱు సున్నలు. భాస్కరాచార్యుని లీలావతిలో ఈ స్థానమునకు మధ్యమని పేరు. సెకండునకు ఒక మధ్యము లెక్కలు చేయవలెనన్నది ఆ యంత్రపు ప్రతిజ్ఞ. ఇంకను పైకి పోయినచో జపాను సంఖ్యానామములలో మన మాటలే దర్శనమిచ్చును. గోగాష యనగా గంగానది యిసుక. అసోగి యనగా అసంఖ్యము. నయుత యనగా నయుతమే. బౌద్ధగ్రంథముల వెంట చీనాదేశము మీదుగా పోయిన ఈ పదములు 1627లో యొషిద మిత్సుయోషి రచించిన జింకోకి యను గణితగ్రంథము ద్వారా అచ్చటి సామాన్యజనులకును తెలిసినవి.

ఈ యంత్రమునకు కష్టములు వరుసగా వచ్చినవి. 2009 మే నెలలో ఎన్.ఇ.సి., హితాచి రెండును ధనభారముచేత తప్పుకొనెను. వెక్టరు మార్గమును విడిచి ఫుజిత్సు ఒంటరిగా సాగెను. ఆ సంవత్సరము నవంబరులో ప్రభుత్వవ్యయములను బహిరంగముగా విచారించు సభలో పార్లమెంటు సభ్యురాలు రెన్‌హో ఒక ప్రశ్న వేసెను. ప్రపంచమున ప్రథమస్థానమే యేల, ద్వితీయస్థానమైన కొఱతయేమి అని దాని సారము. విచారణసభ ఈ పనికి ధనమును ఆపవలెనన్న అభిప్రాయమునకు వచ్చెను. రికెన్ అధ్యక్షుడును నోబెల్ బహుమాన గ్రహీతయునైన నొయోరి రియోజి మొదలుగా గల శాస్త్రజ్ఞులు తీవ్రముగా ఆక్షేపించిరి. తుదకు ధనము చాలవఱకు మరల ఇయ్యబడెను. 2011 నవంబరులో కోబెనగరమున 88,128 ప్రాసెసరులతో ఆ యంత్రము సెకండునకు నూఱు కోట్ల కోట్లకు మించిన లెక్కలు చేసి ప్రతిజ్ఞను నెఱవేర్చుకొనెను. ఆ పరీక్ష 29 గంటలకు పైగా సాగినది. అంతసేపును ఆ ఎనుబదివేల ప్రాసెసరులలో ఒక్కటియు పనిని చెడగొట్టలేదు. వేగముకంటె ఇది గొప్ప.

రెన్‌హో ప్రశ్నను అపహసించినవారు పలువురు. మేము వారితో చేరము. ప్రజల ధనమునుండి సుమారు 11,000 కోట్ల యెన్‌లు వ్యయమగు పనిని గూర్చి లెక్క యడుగుట ధర్మమే. అయితే ఆ ప్రశ్నయందు కొలబద్ద సరిగాదు. మొదటిస్థానము ఎవ్వరికిని నిలువలేదు. వాయుసొరంగము దానిని 1996లో విడిచెను. భూసిమ్యులేటరు 2004లో విడిచెను. కెయి యంత్రము 2012లో విడిచి, 2019 ఆగస్టులో శాశ్వతముగా ఆపివేయబడెను. స్థానముకొఱకే ధనమిచ్చినవారికి మిగులునది ఏమియు లేదు. ఆ యంత్రములను కట్టుటలో చేతులు తిరిగినవారు మిగిలిరి. ప్రాసెసరులను కలుపు విద్య మిగిలెను. కెయికొఱకు అల్లిన టోఫు అను కలయిక పద్ధతియే మెఱుగుపడి తరువాతి యంత్రమునకు ఎక్కినది.

ఆ తరువాతి యంత్రమే ఫుగాకు. ఫుజి పర్వతమునకు మఱియొక పేరది. 1,58,976 ప్రాసెసరులు, ఒక్కొక్కదానిలో లెక్క చేయు కేంద్రములు 48. 2020లో మహామారి ప్రబలినప్పుడు, నిర్మాణము ముగియకమునుపే ఏప్రిలులో దానిని వ్యాధి పరిశోధనకు తెఱచిరి. దగ్గినప్పుడు, మాటలాడినప్పుడు నోటినుండి వెడలు తుంపురులు గదిలో ఎట్లు వ్యాపించునో, ముసుగు ఎంత ఆపునో, కిటికీ తెఱచిన ఏమగునో అది లెక్కించి చూపెను. గదిలోని గాలిని మడులుగా కట్టి పొరుగు లెక్క సరిచూచుట. మియోషి విమానపు రెక్కకొఱకు నడపిన లెక్కకును దీనికిని గోత్రమొక్కటే. 2020 జూనున అది ప్రథమస్థానము నందెను. ఆ నవంబరులో సెకండునకు 4,420 కోట్ల కోట్ల లెక్కలు చేసెను. 2022లో అమెరికావారి ఫ్రాంటియరునకు స్థానము విడిచెను. దాని తరువాతి యంత్రమును ఫుజిత్సుతోపాటు అమెరికా కంపెనీయైన ఎన్విడియాతోను కలిసి రూపొందింతుమని రికెన్‌వారు 2025లో ప్రకటించిరి. ఇకెదా ఆమ్‌డాల్‌తో చేసిన స్నేహమువంటిదే యిదియు.

సోదరులారా! ఈ కథనుండి మేము గ్రహించినది రెండు మాటలలో చెప్పి ముగించెదము.

మొదటిది కార్యదర్శులకు. పనిని పంచుటకు ఉపసంఘములను ఏర్పఱచుట సులభము. ఆ ఉపసంఘముల నివేదికలను ఒక్కచోట కూర్చుట ఎంత కష్టమో ఈ వేదికమీదనున్నవారికంటె ఎక్కువగా ఎఱిగినవారు లేరు. మనుష్యులను పెంచిన పని పెరుగదు. ఒకరి ఫలము మఱియొకరికి వేళకు అందు త్రోవను ముందు వేయవలెను. భూసిమ్యులేటరునకు నేలక్రింద తీగలకు చోటు వదలినవారు వెఱ్ఱివారు గారు.

రెండవది పోషకమహాశయులకు. తొమ్మిది ప్రాసెసరుల యంత్రమును చూచి, దీనివలన ఏమగునని త్సుకుబావారి చేయి విడిచినచో 2,048 ప్రాసెసరుల యంత్రము లేదు. ఇకెదా తన యంత్రమును చూడలేదు. మియోషి తన యంత్రమును చూడలేదు. అయినను అవి నడచినవి, ఏలయన వారి వెనుక పని నేర్చినవారును ధనమిచ్చువారును నిలిచియుండిరి. ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడైన బాలునకు ఒక్కయేడు బహుమానమిచ్చి చప్పట్లు కొట్టుట మంచిదే. గణితమునందో శాస్త్రమునందో నిజమైన ఆకాంక్షగల ఒక్క బాలుని, ఒక్క బాలికను, స్థానమును చూడక, పదియేండ్లు విడువక పోషించుట అంతకంటె మంచిది. దాని ఫలమును ఇచ్చినవారు చూడవచ్చును, చూడకపోవచ్చును. మామిడిమొక్కను నాటు తాత పండ్ల లెక్క వేయడు.



స్వస్తి.